ప్లగ్గు సరిపోయింది, మరి కంట్రోలర్ సరిపోయిందా?

యంత్రాల నిర్వహణకు సంబంధించిన ఈ శీర్షికలో గత మాసం ఇంజను సెన్సార్ల గురించి ముచ్చటించుకొన్నాము. సెన్సార్లు కంట్రోలర్‌కు వార్తలు మోసేవి. ఆ వార్తలు విన్న కంట్రోలర్, అనగా ఇంజను కంట్రోల్ మాడ్యూల్, తిరిగి ఇంజనుకు ఆజ్ఞలు ఏ తీరున పంపుతుందో ఈ మాసం పరిశీలిద్దాము. మన సిబ్బందికి ఎక్కువ చిక్కు తెచ్చిపెట్టేది ఈ రెండవ భాగమే. సెన్సారు తప్పు చెబితే మీటరు పెట్టి పట్టుకోవచ్చును. ఆజ్ఞ వెళ్ళే పిన్ను దగ్గర మీటరు చూపే అంకెను సరిగా చదవాలంటే ముందుగా ఆ పిన్ను ఏ జాతిదో తెలిసి ఉండాలి.

క్వారీలలో తవ్వకం పనిచేసే హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్లను టాటా హిటాచీ సంస్థ తయారుచేసే చోట్లలో ఒకటి ఖరగ్‌పూర్‌లోని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్. ఖరగ్‌పూర్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో అక్కడి వర్క్‌షాపును, లోకో షెడ్లను నమ్ముకొని స్థిరపడినవి. ఊరి స్టేషను ప్లాట్‌ఫారం 2013లో గోరఖ్‌పూర్ మించిపోయేంతవరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు మోసింది. పార్కుకు పేరిచ్చిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1820లో జన్మించిన వీరసింహ గ్రామం కూడా నేటి పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనిదే. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారిని దక్షిణదేశ విద్యాసాగరుడని పిలిచినది ఆయన పేరుమీదనే.

ఇక యంత్రాల మాట. 1984లో నాటి టెల్కో సంస్థ హిటాచీతో సాంకేతిక సహకారం కుదుర్చుకొన్నది. నిర్మాణ యంత్రాల విభాగం తరువాత టెల్కాన్ అయి, 2012లో టాటా హిటాచీగా పేరు మార్చుకొన్నది. ఈ నాలుగు దశాబ్దాలలో ఇంజను వేగాన్ని అదుపుచేసే పద్ధతి మూడు తరాలు మారింది. తొలినాళ్ళలో కేబులు, గవర్నరు, లీవరు. తరువాతి హిటాచీ యంత్రాలలో ఈసీ మోటారు అనే స్టెప్పర్ మోటారు వచ్చి ఆ గవర్నరు లీవరునే లాగేది. ఇంజను మాత్రం పాత మెకానికల్ ఇంజనే, లీవరు లాగే చెయ్యి ఒక్కటే ఎలక్ట్రానిక్. మూడవ తరంలో కామన్ రైల్ వచ్చింది. జపానుకు చెందిన డెన్సో సంస్థ 1995లో ట్రక్కు ఇంజనుపై దీనిని వాణిజ్యస్థాయిలో ప్రవేశపెట్టింది. ఇందులో గవర్నరు లేదు, లీవరు లేదు. ఏ సిలిండరులో ఎప్పుడు ఎంత డీజిలు పడవలెనో కంట్రోలరే నిర్ణయిస్తుంది.

మన దేశంలో ఈ మూడు తరాలూ ఒకే యార్డులో పక్కపక్కన నిలబడి ఉండటానికి ఒక కారణం కలదు. చక్రాలపై నడిచే నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ నాలుగవ దశ, 2025 జనవరి 1 నుంచి అయిదవ దశ ఉద్గార నిబంధనలు వచ్చినవి. ఇనుప పట్టాలపై నడిచే క్రాలర్ ఎక్స్‌కవేటర్లు ఆ నిబంధనల పరిధిలోకి రాలేదు. అందుచేత ఒక యంత్రంలో కంట్రోలరే ఉండదు. దాని పక్కనున్న దానిలో లీవరు లాగేది ఒక్కటే ఉంటుంది. మూడవదానిలో సర్వం కంట్రోలరే. ఒకే మెకానిక్ ఈ మూడింటినీ చూడవలసివస్తున్నది. ఇంతవరకైనా కంటికి కనబడే తేడాయే. కంటికి కనబడని తేడా మూడవ తరంలోపలనే ఉన్నది.

కంట్రోలర్ తయారీదారుకు ఒక్కొక్క ఇంజనుకు ఒక్కొక్క పెట్టె తయారుచేయడం ఖర్చుతో కూడిన పని. అందుచేత అల్యూమినియం పెట్టె ఒకటే, కనెక్టరు ఒకటే, లోపలి సర్క్యూట్ బోర్డూ ఒకటే ఉంచి, దానిమీద అమర్చే విడిభాగాలను మాత్రం అవసరాన్నిబట్టి మారుస్తారు. నాలుగు సిలిండర్ల ఇంజనుకు పోయే దానిలో ఇంజెక్టరు డ్రైవర్లు నాలుగే ఉంటాయి, మిగిలిన రెండింటి చోటు బోర్డుపై ఖాళీగా ఉంటుంది. ఒక రకంలో ఒకానొక పిన్ను వెనుక డ్రైవరు ఉంటుంది, మరో రకంలో అదే పిన్ను వెనుక ఏమీ ఉండదు. ఇంకొక రకంలో డ్రైవరు ఉంటుంది గాని దాని స్వభావం వేరు. ఇవే హార్డ్‌వేర్ రకాలు. (డ్రైవరంటే ఇక్కడ బండి నడిపే మనిషి కాదు. కరెంటును వదిలి ఆపే ట్రాన్సిస్టరు స్విచ్చు. యంత్రం నడిపేవారిని ఈ వ్యాసంలో ఆపరేటరనే అందాము.) బయటినుంచి చూస్తే అన్నీ కవలపిల్లలే. తేడా తెలిపేది లేబులుపై ఉండే పార్టు నంబరు, దాని చివరనుండే అక్షరం మాత్రమే. ఆ లేబులు మీద గ్రీజు పూసి, గుడ్డతో రుద్ది, అంకెలు చెరిపివేసే అలవాటు మనకున్నది.

అసలు సంగతికి వద్దాము. ఏదైనా రిలే కాయిల్‌కు గాని, సోలినాయిడ్‌కు గాని రెండు కొసలుంటాయి. ఒక కొస పాజిటివ్‌కు, ఒక కొస ఎర్త్‌కు చేరితేనే పని జరుగుతుంది. కంట్రోలర్ ఈ రెండింటిలో ఏ వైపున కూర్చొని స్విచ్చు వేస్తుందనేదే ప్రశ్న. కొన్ని పిన్నులు ఎర్త్ వైపు స్విచ్చులు, వీటిని లో-సైడ్ అంటారు. కాయిల్‌కు 24 వోల్టులు ఫ్యూజు ద్వారా ఎప్పుడూ వస్తూ ఉంటుంది, కంట్రోలర్ రెండవ కొసను ఎర్త్ చేసినపుడు రిలే లాగుతుంది. మరికొన్ని పాజిటివ్ వైపు స్విచ్చులు, ఇవి హై-సైడ్. కాయిల్ ఒక కొస ఛాసిస్‌కు శాశ్వతంగా ఎర్త్ అయి ఉంటుంది, కంట్రోలర్ 24 వోల్టులు పంపినపుడు రిలే లాగుతుంది.

ఇప్పుడు మీటరు పెట్టండి. ఎర్త్ వైపు స్విచ్చయితే, పిన్ను దగ్గర 24 వోల్టులు కనబడితే రిలే ఆగి ఉన్నదని అర్థం. లాగినపుడు అక్కడ ఒక వోల్టుకు లోపు మాత్రమే ఉంటుంది. పాజిటివ్ వైపు స్విచ్చయితే అంతా తారుమారు. 24 కనబడితే రిలే లాగినట్లు, సున్నా అయితే ఆగినట్లు. "పిన్ను దగ్గర 24 ఉన్నది, కంట్రోలర్ బాగానే ఉన్నది" అని రిజిస్టరులో వ్రాసిన మాట ఆ పిన్ను జాతి తెలియనంతవరకు ఏమీ చెప్పనట్లే. పైగా కనెక్టరు ఊడదీసి ఖాళీ పిన్నును కొలిస్తే మరొక వింత కనబడుతుంది. తెగిపోయిన వైరును కనిపెట్టడానికి కంట్రోలర్ తానే ఆ పిన్నుకు చిన్న వోల్టేజి ఇచ్చి ఉంచుతుంది. దానిని చూసి అందులో ఏదో లీకేజి ఉన్నదని భ్రమపడేవారు కలరు. లోడు తగిలించి ఉంచి, కనెక్టరు వెనుకనుంచి కొలవడమే సరియైన పద్ధతి.

ఈ భేదం మీటరు చదవడానికి మాత్రమే కాదు, భద్రతకు కూడా సంబంధించినది. క్వారీలో వైరింగుకు వచ్చే జబ్బులలో అగ్రస్థానం రాపిడిది. హార్నెస్ బిగించిన క్లిప్పు ఊడి, వైరు ఇనుముపై రాసుకొని, తొడుగు అరిగి, రాగి బయటపడి ఛాసిస్‌ను తాకుతుంది. పాజిటివ్ వైపు స్విచ్చున్న వైరు అట్లా తాకితే కంట్రోలర్‌లోని రక్షణ పనిచేసి ఆ పిన్నును మూసివేస్తుంది, లోడు ఆగిపోతుంది. ఎర్త్ వైపు స్విచ్చున్న వైరు అదే విధంగా తాకితే కంట్రోలర్ ఆజ్ఞ లేకుండానే లోడు పనిచేయసాగుతుంది. ఎర్త్ చేయడమే కదా ఆ స్విచ్చు చేసే పని! ఆ పనిని ఇనుము చేసిపెట్టింది. ఆ లోడు క్యాబిన్ దీపమైతే ఫరవాలేదు. ఇంధన సోలినాయిడ్ ఉన్న ఇంజనులో ఆ వైరు దానిదైతే? కీ తీస్తే ఇంజను ఆగవచ్చును. కాని ఆయిల్ ప్రెషరు పడిపోయి కంట్రోలర్ తానుగా ఇంజనును ఆపదలచినపుడు ఆపలేదు. అందుచేతనే ప్రమాదకరమైన లోడ్లకు పాజిటివ్ వైపు స్విచ్చునో, రెండు వైపులా రెండు స్విచ్చులనో వాడటం మంచి డిజైను పద్ధతి.

రైల్వే లోకోమోటివ్‌లు ఎరిగినవారికి ఇది కొత్త తర్కం కాదు. ఈ.ఎం.డి. జాతి డీజిలు లోకోలలో ఉడ్‌వర్డ్ గవర్నరుకు ఏ, బీ, సీ, డీ అని నాలుగు సోలినాయిడ్లు ఉంటాయి. ఏ, బీ, సీలు, వాటితో కలిసినపుడు డీ కూడా, వేగాన్ని నిర్ణయిస్తాయి. డీ ఒక్కదానికే కరెంటు వస్తే ఇంజను ఆగుతుంది. అనగా అక్కడ ఇంజనును ఆపడానికి కరెంటు కావాలి. మరికొన్ని ఇంజన్లలో నడపడానికి కరెంటు కావాలి, అది పోతే ఇంజను ఆగుతుంది. ఏ ఇంజను ఏ కోవకు చెందినదో తెలియకుండా సోలినాయిడ్ వైరు పీకి చూసేవాడు జూదమాడుతున్నట్లే.

కామన్ రైల్ పంపులో ఇదే భేదం మరింత గుప్తంగా ఉన్నది. డెన్సో పంపులపై సక్షన్ కంట్రోల్ వాల్వు అని ఒకటి ఉంటుంది. పంపులోనికి వెళ్ళే డీజిలును అదుపుచేసి, తద్వారా రైలులోని ప్రెషరును నిలబెట్టేది ఇదే. ఇది రెండు రకాలుగా వస్తుంది. కరెంటు లేనపుడు పూర్తిగా తెరుచుకొని ఉండేది ఒకటి, పూర్తిగా మూసుకొని ఉండేది మరొకటి. రెండింటికీ రెండేసి పిన్నులే. మొదటి రకంలో వైరు తెగితే పంపు చేతనైనంత డీజిలును రైలులోనికి తోస్తుంది, ప్రెషరు మితిమీరి లిమిటర్ వాల్వు తెరుచుకొంటుంది. రెండవ రకంలో వైరు తెగితే ఇంజనుకు డీజిలే అందదు. ఒకదాని కోసం లెక్క కట్టిన కంట్రోలర్ ఆజ్ఞ రెండవదానికి సరిగ్గా వ్యతిరేకార్థంలో వినబడుతుంది. రైలు ప్రెషరు 1,800 బార్ల వరకు పోగల వ్యవస్థలో ఇది చూసీ చూడనట్లు వదిలివేయదగిన విషయం కాదు.

ఈ సందర్భంలో ఒక క్వారీలో జరిగిన ఉదంతం చెప్పుకోదగినది. ఊరు, సంస్థ ఇక్కడ అనవసరం. వర్షాకాలంలో నీరు చేరి ఒక ఎక్స్‌కవేటరు కంట్రోలర్ పాడైంది. కొత్తది రావడానికి వారాలు పడుతుందని తెలిసి, మూలనపడి ఉన్న మరో యంత్రంనుంచి అదే ఆకారం కంట్రోలర్‌ను తెచ్చి బిగించారు. ప్లగ్గు చక్కగా కూర్చున్నది, ఇంజను స్టార్టయింది. షిఫ్టు ఇన్‌ఛార్జి టీ తెప్పించాడు. మర్నాటినుంచి ఒక ఎర్రర్ కోడు రాసాగింది. పలానా రిలే వైరుకు పాజిటివ్ షార్టయిందని దాని భావం. రెండు రోజులపాటు హార్నెస్ మొత్తం టేపు విప్పి వెదికారు. షార్టు ఎక్కడా లేదు. చివరకు సర్క్యూట్ డ్రాయింగు పరచి చూస్తే తేలినదేమిటంటే, ఆ యంత్రం హార్నెస్‌లో ఆ రిలే కాయిల్ రెండవ కొస శాశ్వతంగా 24 వోల్టులకు కట్టి ఉన్నది. అనగా కంట్రోలర్ ఎర్త్ చేయాలని ఎదురుచూస్తున్నది. తెచ్చిపెట్టిన కంట్రోలర్‌లో అదే పిన్ను వెనుక ఉన్నది పాజిటివ్ వైపు స్విచ్చు. అది ఆగి ఉన్నపుడు సున్నా ఉండవలసిన చోట కాయిల్ గుండా 24 కనబడుతున్నది. కంట్రోలర్ దృష్టిలో అది షార్టే. స్విచ్చు వేసినపుడు కాయిల్ రెండు కొసలా 24 వోల్టులే, కరెంటు పారదు, రిలే లాగదు.

ఆ రిలే ఇంజనును చలిలో వేడిచేసే హీటరుది కాబట్టి నష్టం అంతటితో ఆగింది. ఆ పిన్నే ఆయిల్ ప్రెషరు హెచ్చరిక దీపానిదై ఉంటే? ప్రెషరు పడిపోయినా దీపం వెలిగేది కాదు, ఆపరేటరు తవ్వుతూనే ఉండేవాడు. కీ ఆన్ చేయగానే హెచ్చరిక దీపాలన్నీ ఒక్కసారి వెలిగి ఆరడం యంత్రం అలంకారానికి చేసే పని కాదు. కంట్రోలర్ మార్చిన తరువాత మొదటగా చూడవలసినది అదే. వెలగని దీపం ఒక్కటున్నా యంత్రాన్ని పనిలోకి వదలరాదని నా అభిప్రాయం. ఉత్పత్తి లక్ష్యాల ఒత్తిడి నాకు తెలియనిది కాదు. అయినను ఇదే నా అభిప్రాయం.

ఎర్రర్ కోడును చదవడంలోనూ పిన్ను జాతి తెలిసి ఉండటం మేలు. జె1939 ప్రమాణాన్ని అనుసరించే ఇంజన్లలో కోడుతోపాటు ఎఫ్.ఎం.ఐ. అనే అంకె వస్తుంది. 3 అయితే వోల్టేజి ఉండవలసినదానికంటె ఎక్కువ, లేదా పాజిటివ్ షార్టు. 4 అయితే తక్కువ, లేదా ఎర్త్ షార్టు. 5 అయితే కరెంటు చాలదు, సాధారణంగా తెగిన వైరు. 6 అయితే కరెంటు మితిమీరినది. కోడు వైరునే నిందిస్తుంది. కంట్రోలరే ఆ యంత్రానిది కాదనే అవకాశాన్ని అది ఎన్నడూ చెప్పదు, దానికి తెలియదు కనుక. కొత్తగా బిగించిన కంట్రోలర్ మొదటి రోజునే 3 గాని 4 గాని చూపితే టేపు విప్పడానికి ముందు లేబులు చదవండి.

టెస్టు దీపం గురించి కూడా రెండు మాటలు. మన ఎలక్ట్రీషియన్ల జేబులో ఉండే దీపం తరచు లారీ ఇండికేటరు బల్బు, 24 వోల్టులు, 21 వాట్లు. అది వెలుగుతున్నపుడు తీసుకొనే కరెంటు దాదాపు 0.9 ఆంపియరు. చల్లగా ఉన్న ఫిలమెంటు మొదటి క్షణంలో తీసుకొనేది దానికి పదింతల వరకు ఉంటుంది. రిలే కాయిల్ కోసం ఉంచిన పిన్నుకు రోజూ మోయవలసిన భారం 0.1 ఆంపియరు చుట్టుపక్కల మాత్రమే. మంచి కంట్రోలర్ అయితే రక్షణ పనిచేసి మూసుకొంటుంది, దీపం వెలగదు, "పిన్ను పోయింది" అని మనం తీర్మానిస్తాము. రక్షణ బలహీనమైనదైతే నిజంగానే పోతుంది. 3 వాట్ల దీపమయితే 0.125 ఆంపియరే. దీపమే కావాలంటే ఇది వాడండి. ఇదే లెక్కన 24 వోల్టుల రిలే స్థానంలో దొరికినదే చాలునని 12 వోల్టుల రిలే పెట్టడం కూడా తగదు. రెట్టింపు వోల్టేజికి ఆ కాయిల్ రెట్టింపు కరెంటు లాగుతుంది, నాలుగింతలు వేడెక్కుతుంది. ఆ కరెంటు పారేది కంట్రోలర్ గుండానే.

కొన్ని పిన్నులు ఆన్, ఆఫ్ అని కాక సెకనుకు వందల పర్యాయాలు కొట్టుకొంటూ ఉంటాయి. సక్షన్ కంట్రోల్ వాల్వు అటువంటిదే. వీటి దగ్గర మామూలు మీటరు చూపేది సగటు మాత్రమే. ఎర్త్ వైపు స్విచ్చు నూటికి ముప్పై వంతుల కాలం వేసి ఉంటే పిన్ను దగ్గర సుమారు 17 వోల్టులు కనబడుతుంది. దానిని చూసి బ్యాటరీ దిగిందని గాని, జాయింటు వదులైందని గాని అనుకోనవసరం లేదు. మీటరులో డ్యూటీ కొలిచే సౌకర్యం ఉంటే దానినే నమ్మండి.

ఇంజెక్టరు పిన్నులు వేరే లోకం. డీజిలు ఇంజెక్టరు చాలా కొద్దికాలంలో తెరుచుకోవాలి గనుక కంట్రోలర్ లోపల కెపాసిటరును నింపి, 24 వోల్టుల బ్యాటరీనుంచే వంద వోల్టులకు పైబడిన దెబ్బ ఇస్తుంది. ఇంజను నడుస్తుండగా ఇక్కడ చేయి పెట్టరాదు, టెస్టు దీపం అసలే పెట్టరాదు. ఆరు సిలిండర్ల ఇంజన్లలో చాలావాటికి మూడేసి ఇంజెక్టర్లకు ఒక ఉమ్మడి పాజిటివ్ వైరు, ఒక్కొక్కదానికి విడిగా ఒక ఎర్త్ వైరు ఉంటాయి. ఈ అమరిక తెలిసి ఉంటే రోగం సగం తెలిసినట్లే. ఒకే జట్టుకు చెందిన మూడు సిలిండర్లు ఒక్కసారిగా చచ్చిపడితే మూడు ఇంజెక్టర్లు ఒకేరోజు చెడిపోవు. ఉమ్మడి వైరును, దాని డ్రైవరును చూడాలి. ఒక్క సిలిండరే పోతే ఆ ఇంజెక్టరును, దాని విడి వైరును చూడాలి. ఆరు ఇంజెక్టర్లకు ఇండెంటు పెట్టేముందు ఈ పరీక్షకు పట్టేది పది నిమిషాలు.

స్టోర్స్ విభాగంవారికి ఒక మనవి. కంట్రోలర్‌ను "ఇంజను కంట్రోలర్, ఒకటి" అని లెడ్జరులో చేర్చవద్దు. పూర్తి పార్టు నంబరు, చివరి అక్షరంతో సహా, ఏ యంత్రం సీరియల్ నంబరునుంచి తీసినది, ఎన్ని సిలిండర్లది, ఎన్ని వోల్టులది అనే వివరాలు ట్యాగుపై ఉండాలి. మెకానిక్కులకు మరొకటి. కంట్రోలర్ మార్చినపుడు ఇంజెక్టర్ల తలపై ముద్రించి ఉండే సవరణ కోడ్లను కొత్తదానిలో ఎక్కించాలి. ఒక్కొక్క ఇంజెక్టరు డీజిలు వదిలే తీరులో ఉండే స్వల్ప భేదాన్ని సరిదిద్దేవి అవే. వర్షం కురుస్తుండగా ఇంజను పైకెక్కి ఆ చిన్న అక్షరాలను చదవడం కష్టం గనుక యంత్రం బాగా ఉన్న రోజుననే వాటిని లాగ్ బుక్కు మొదటి పేజీలో వ్రాసి ఉంచుకోవడం మేలు. కంట్రోలర్ లేబులు అంకెలను కూడా ఆ పేజీలోనే వ్రాయండి. ఇక కీ తీసిన వెంటనే బ్యాటరీ స్విచ్చు కట్టేయవద్దు. కీ తీసిన తరువాత కూడా కంట్రోలర్ తన మెయిన్ రిలేను కొన్ని సెకన్లు పట్టి ఉంచి, ఆ రోజు నేర్చుకొన్న అంకెలను జ్ఞాపకంలో వ్రాసుకొంటుంది. రిలే వదిలిన చప్పుడు వినబడేవరకు ఆగండి.

ఎక్స్‌కవేటరులో ఇంజను కంట్రోలర్‌కు, యంత్రం మెయిన్ కంట్రోలర్‌కు మధ్య మాటలు నడిచే క్యాన్ లైను గురించి, దాని రెండు కొసల 120 ఓముల రెసిస్టర్ల గురించి కొందరు పాఠకులు అడిగారు. వచ్చే సంచికలో అది.